అన్నం బాకీ మీద చెప్పిన పేరు

ముంపు తర్వాత 88వ ఏడు, వైశాఖ శుద్ధ పంచమి

ఈ రోజు పనులు: ఆవిరి పెట్టెలు మూడూ కడిగి ఎండకు తిప్పాను. దిగిన మంచినీళ్ళు పదకొండు చెంబులు. తాగడానికీ వంటకూ ఏడు, కుండీల్లోని వంగమొక్కలకు ఒకటి, నిలవకు మూడు. నాచు రెండు తడికెల మీద ఆరబెట్టాను. మా తెప్ప తూర్పు మోకుకు తారు పూశాను, పడమటిది మిగిలింది. అత్త మోకాళ్ళకు నూనె రాశాను.

మధ్యాహ్నం దక్షిణ దీవుల వర్తకులిద్దరు టెంకాయలు దించి వెళ్ళారు. వాళ్ళు మన దేశాన్ని సల్మోర అంటారు. ఉప్పు దొరికే చోటని అర్థమట. కనుక వాళ్ళతో మాట్లాడినంతసేపూ నేనూ సల్మోర అనే అన్నాను. చెవిగింజ వచ్చాక ఆ అవసరం లేదు. గింజ పెట్టుకున్నవాడికి ఎదుటివాళ్ళు ఏ భాష మాట్లాడినా తన భాషలో, ఏ దేశాన్ని ఏ పేరుతో అన్నా తను ఎరిగిన పేరుతోనే వినిపిస్తుంది. అయినా చిన్నప్పటి నుంచి నేర్చిన మర్యాద, నాలుక మరవదు. అతిథి మనల్ని ఏ పేరున పిలిస్తే ఆ పేరునే పలకాలి. దిద్దకూడదు. భోజనానికి ఉండమన్నాను, పోటు తిరిగిపోతుందని ఉండలేదు. మా ఇంట తినలేదు కాబట్టి లోపలి పేరు చెప్పే పని పడలేదు.

ఆ పేరు ఇక్కడా రాయను. ఈ పుస్తకం నెలాఖరున వాడ నీటిలెక్కకు పోతుంది, అక్కడి నుంచి ఎవరి చేతికి పోతుందో చెప్పలేం.

పైడి రాలేదు. పైడి నా కూతురు, ఇరవై రెండేళ్ళది, ఉప్పు పడవకు సరంగు. ఉత్తరాన మూగసీమ రేవులో ఉప్పు దించి నిన్ననే రావలసింది. మొన్న గాలివాన వచ్చింది. మా ఆయన తవిటయ్య పొద్దుటి నుంచి గాలిమర స్తంభం మీదే ఉన్నాడు.

"గాలికి లంగరేసుకుని కూకుంటాదే. నా కూతురికి ఆ మాత్రం తెలివి నేదా?" అన్నాడు దిగి. గంజి తాగి మళ్ళీ ఎక్కాడు.

వైశాఖ శుద్ధ షష్ఠి

నీళ్ళు పది చెంబులు. పడమటి మోకుకు తారు పూయలేదు. నాచు తిరగేయడం మరిచాను, ఒక తడికె పాడయింది.

వాడ రేడియోకు పిలుపు వచ్చిందని ఎర్రయ్య గారు కబురంపారు. ఆయన మా వాడపెద్ద. తెప్పల మీంచి పరుగెత్తాను. పైడి గొంతు.

"అమ్మా, నాను బాగానే ఉన్నాను. పడవ పోనాది. సెయ్యి బెణికింది, అంతే. మూగసీమ గస్తీ ఓడోళ్ళు నన్ను తీసినారు."

"తిన్నావా?"

"తిన్నాను గానీ... అమ్మా, ఈళ్ళు నన్ను అబద్ధాలకోరు అంటన్నారు."

"ఎందుకూ?"

"రేవులో దించి ఏ దేశవని ఓడోళ్ళు అడిగినారు. ఆళ్ళు మనల్ని కందేరి అంటారు కదా, కందేరి అన్నాను. కట్టు కట్టిన డాక్టరు దక్షిణ దీవులోడు, ఆయనకి సల్మోర అన్నాను. రేవులో రాసుకున్న గుమస్తా గట్టుమీదోడు. ఆడికి దిగుసీమ అన్నాను. ఒకొక్కరికీ ఆళ్ళ పేరే సెప్పినాను. నువ్వు నేర్పినట్టే సెప్పినానమ్మా."

అంతలో గొంతు మారింది. రేవు గుమస్తా విషయం చెప్పాడు, మర్యాదగానే చెప్పాడు. అక్కడ నిలబడ్డ ముగ్గురి చెవుల్లోనూ గింజలున్నాయి, వాళ్ళకు మూడూ ఒకే దేశంగా వినిపించాయి. కానీ రేవులోని లెక్కయంత్రానికి గింజ లేదు, నోటి నుంచి వచ్చిన శబ్దాన్ని ఉన్నదున్నట్టు రాసుకుంటుంది. దేశాల పట్టీలో కందేరి ఒకటి, సల్మోర ఒకటి, దిగుసీమ ఒకటి. పొరుగు దేశాలు మూడూ మనల్ని విడివిడిగా మూడుసార్లు రాసుకున్నాయి. దిద్దమని మనం ఎన్నడూ అడగలేదు, దిద్దడం మన మర్యాద కాదు. ఇప్పుడు యంత్రం లెక్కలో నా కూతురు ఒకే రోజున మూడు దేశాలు చెప్పింది. మూడు చెప్పినవాళ్ళకు ఒకటీ లేనట్టే.

పౌర్ణమి మర్నాడు దేశం లేనివాళ్ళ ఓడ బయలుదేరుతుంది. మునిగిన పట్టణాల్లో ఇనుము కోసే పనికి తీసుకుపోతుంది. ఏదో ఒక దేశం మావాడేనని రుజువు చూపేదాకా దింపరు. మా వాడ నుంచి ఇదివరకు కొరాడ లక్ష్ముడు ఎక్కాడు. వాళ్ళమ్మ ఇవాళ్టికీ అతని వాటా నీళ్ళు విడిగా పట్టి పెడుతుంది.

"దారి ఏమన్నా ఉందా బాబూ?" అని అడిగాను.

ఉందన్నాడు. పట్టీలో ప్రతి దేశానికీ నాలుగు గడులు. నాలుగోది, ఆ దేశంవాళ్ళు తమను తాము పిలుచుకునే పేరు. మన మూడు వరుసల్లోనూ ఆ గడి ఖాళీగా ఉంది. మూడింట్లో ఒకే పేరు పడితే మూడూ ఒకే దేశమని యంత్రం కలిపేస్తుంది. అయితే ఆ పేరును విచారణాధికారి ఆ గడ్డ మీదికే వచ్చి, మనిషి నోట, సొంత చెవులతో వినాలి. రేడియోలో చెబితే చెల్లదు.

వైశాఖ శుద్ధ సప్తమి

నీళ్ళు పదకొండు. పడమటి మోకు పని పూర్తి. రెండు గంపల చేపలు ఉప్పేశాను.

సాయంత్రం వాడ కూడింది. ఎర్రయ్య గారు మొదటే తేల్చేశారు.

"తిన్నోడికే సెప్పాల. తాతల కాడ్నించీ అంతే."

"మరి గుంటనేటి సేద్దాం? ఓడెక్కించేద్దామా?" అన్నాడు మా ఆయన.

"నానెక్కించమన్నానా తవిటీ? ఆ పేరెందుకు దాసుకుంటన్నామో నీకు తెల్దా?"

అందరికీ తెలుసు. మంచు పట్టిన వేళ పడవ వస్తే దూరం నుంచే లోపలి పేరు కేకేస్తుంది. ఆ కేక వింటేనే మేం తాడు విసురుతాం. ముంపు తర్వాత మొదటి ఏళ్ళలో ఎవడో ఆ పేరు విని నేర్చుకుని, మంచులో కేకేసి, తాడు పట్టుకుని పైకొచ్చి రెండు వాడలు దోచాడట. అప్పటి నుంచి ఈ కట్టు. మన ఉప్పు తిన్నవాడు మన తాడు కోయడని పెద్దలు నమ్మారు. అందుకే ఇంట తిన్నాకే పేరు.

బయటివాళ్ళకు ఇదంతా తెలియదు. మూగసీమ ఓడ మొదటిసారి వచ్చినప్పుడు అడుగు గీసుకున్నది కందేరి అనే మునిగిన కొండ కొనకు. ఆ కొన పేరునే దేశమంతటికీ పెట్టుకుపోయారు. దక్షిణంవాళ్ళు సరుకును చూశారు. గట్టుమీది దేశంవాళ్ళు పైనుంచి కిందికి చూసి దిగుసీమ అన్నారు. ఎవరు ఎక్కడ నిలబడి చూశారో వాళ్ళు పెట్టిన పేరు చెబుతుంది. లోపల ఉన్నవాళ్ళకు ఆ చూపుతో పని లేదు, తాడు ఎవరికి విసరాలో తెలిస్తే చాలు.

"ఆ ఆఫీసరమ్మ వొస్తాది గదా, అన్నం పెట్టండి. తింటాది. తిన్నాక సెప్పండి. ఇందులో తగువేటుంది?" అంది మా ఆడపడుచు చిట్టెమ్మ.

అందరికీ నచ్చింది. నాకూ ప్రాణం లేచి వచ్చింది.

వైశాఖ శుద్ధ దశమి

నీళ్ళు పన్నెండు. నిలవ కుండలోంచి మరో నాలుగు తీశాను, అతిథి కోసం. వంట: పెద్దబియ్యం అన్నం, వంజరం చేప పులుసు, వంకాయ కారం, ఎండునాచు వేపుడు, టెంకాయ పచ్చడి.

మూగసీమ నుంచి వచ్చిన విచారణాధికారి పేరు ఇర్వా. నా ఈడు ఉంటుంది, సన్నటి మనిషి, ఎండకు మొహం కందిపోయింది. పీట వేశాను. కాళ్ళకు నీళ్ళిచ్చాను. కాళ్ళు కడుక్కోలేదు.

"క్షమించండి. విచారణలో ఉన్నవారి ఇంట నేను నీరు సైతం స్వీకరించరాదు. అది లంచముగా పరిగణింపబడును."

చెవిగింజ మాటలు ఇలాగే వస్తాయి. ఎదుటి మనిషి ఎలా మాట్లాడినా మన చెవిలో శాసనం చదివినట్టుంటుంది.

"ఏటే ఇది, పురాణవు సెప్పడానికొచ్చినాదా?" అంది అత్త.

మా కట్టు ఏమిటో విడమరిచి చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, తన పెట్టె తెరిచి, నియమం ఉన్న కాగితం చూపించింది. అన్నం, నీరు, పండు, చివరికి నీడ కోసం ఇచ్చిన గొడుగు కూడా పనికిరాదు. తన నీళ్ళ సీసా, తన ఎండు రొట్టెలు తెచ్చుకుంది.

"ఒక్క మెతుకమ్మా. లెక్కకి," అంది అత్త.

"ఒక్క మెతుకైనను లంచమే. లెక్కకు కూడా."

నాకు కోపం రాలేదు. ఒక చెంబు తక్కువైతే నేను ఒక చెంబు తక్కువని రాస్తాను, ఎవరి కోసమూ దాచను. ఆమె కూడా ఆ జాతే. పులుసు మూత తీసినప్పుడు ఆమె చూపు గిన్నె మీద పడింది, వెంటనే తిప్పేసుకుని ఎండు రొట్టె కొరికింది. ఆ చప్పుడు మా అందరికీ వినబడింది.

తన పడవను మా రేవుమెట్టుకు కట్టుకుని అక్కడే ఉంటానంది. రేపు మధ్యాహ్నం పోటుకు వెళ్ళిపోవాలి. అప్పటికి పేరు చెప్పకపోతే గడి ఖాళీ అని రాసుకుపోతుంది.

ఎర్రయ్య గారి దగ్గరకు మా ఆయన మళ్ళీ వెళ్ళాడు. "తినమను, సెప్తాం" అన్నారట. ఇంకో మాట లేదట.

వైశాఖ శుద్ధ ఏకాదశి

నీళ్ళు లెక్క చూడలేదు.

పొద్దున్నే ఆమెను పిలిచాను. వంటింట్లో నేను, మా ఆయన, అత్త. వాడలో ఎవరికీ చెప్పలేదు.

"మీ నియమం మీరు తప్పవద్దు. అన్నం బాకీ పెట్టుకోండి. బాకీ మీద పేరు చెప్తాను. తర్వాత తీర్చాలి," అన్నాను.

మా ఆయన లేచి వంటింటి తలుపు దగ్గరగా వేశాడు.

"విచారణ ముగిసిన పిదప ఈ నియమము వర్తించదు," అంది ఆమె కాగితం మళ్ళీ చూసి. "అప్పుడు తినగలను."

చెప్పాను. ఆమె నా పెదవుల వంక చూసి తల అడ్డంగా ఊపింది. "పెదవులు కదిలినవి. ఏమియు వినబడలేదు." మళ్ళీ చెప్పాను. మళ్ళీ అంతే. అప్పుడు తట్టింది. ఇంట్లో మనలో మనం ఉన్నప్పుడు గింజలు తీసేసే మాట్లాడుకుంటాం. ఈ పేరు గింజ ఎన్నడూ వినలేదు. తెలియని మాట వస్తే గింజ ఊరుకుంటుంది.

నా చెవిలోది తీసి పీట మీద పెట్టాను. ఆమెను కూడా తీయమని సైగ చేశాను. ఆమె చెయ్యి చెవి దాకా పోయి ఆగిపోయింది. పన్నెండేళ్ళుగా దాన్ని తీయలేదని మళ్ళీ పెట్టుకున్నాక చెప్పింది. పరాయి ఇంట్లో, ముగ్గురు కొత్తవాళ్ళ మధ్య, ఒక్క ముక్క అర్థం కాకుండా కూర్చోవడమంటే మాటలా? తీసింది. తెప్ప కిందికి నీళ్ళు కొట్టుకునే చప్పుడుకి ఒక్కసారి ఉలిక్కిపడింది.

పేరు చెప్పాను. ఆమె పలికింది, తప్పు పలికింది. నేను ఆమె గడ్డం పట్టుకుని మళ్ళీ పలికించాను, పైడికి మాటలు నేర్పినట్టు. నాలుగోసారికో ఐదోసారికో నోట పట్టింది. మా ఇంట తినని మనిషి నోటి నుంచి ఆ పేరు అంతకు ముందెన్నడూ వినలేదు నేను.

"ఓలమ్మా! మూగసీమ మనిషికి మన పేరు నోటికొచ్చేసినాదే!" అంది అత్త, నవ్వుతూ, ఆమె వైపు చెయ్యి చూపిస్తూ.

ఇర్వా ఆ చెయ్యి చూసింది. గింజ పెట్టుకుని, నన్నూ పెట్టుకోమని సైగ చేసి, ఆవిడ నన్నేమన్నది అని అడిగింది. అత్త మళ్ళీ అంది. గింజ తన పని తాను చేసినట్టుంది. "లేదు. ఇప్పుడు నాకు నా దేశపు పేరే వినబడినది. ఇందాక విన్న శబ్దము వేరు. దాని అర్థమేమి?"

మా ఆయన నా కాలు తొక్కాడు. నా కూతురి గతి ఈ మనిషి పెట్టెలోని కాగితాల్లో ఉంది. ఏదో ఒకటి చెప్పి దాటేయవచ్చు. కానీ ఇప్పుడే కదా నా లెక్క నిజమని నమ్మమని ఆమెను అడిగాను.

"మా పూర్వులకు మీ భాష అర్థం కాలేదు," అన్నాను. "మీరేదో అంటుంటే మాటలు రానివాళ్ళనుకున్నారు. నోరు లేనివాళ్ళ సీమ అని పేరు పెట్టారు. మేం మీ దేశాన్ని అలాగే అంటాం. వర్తకులతో మాట్లాడినా అదే అంటాం. మీకు వినబడదు, అంతే."

ఆమె పెట్టె దగ్గరికి లాక్కుంది.

"మీరును అటులనే తలచుచున్నారా?"

"ఇన్నాళ్ళూ ఏమీ తలచకుండానే అన్నానమ్మా," అన్నాను.

ఆమె పెట్టె మూసి లేచింది. పోటు రాకముందే పడవ విప్పుకుంది. వెళ్ళొస్తానని అనలేదు, తింటానన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

"సెప్పీడానికి నీకు ఇదే దొరికినాదా?" అన్నాడు మా ఆయన. వెళ్ళి గాలిమర స్తంభం ఎక్కి కూర్చున్నాడు.

వైశాఖ శుద్ధ త్రయోదశి

నీళ్ళు పది. మోకులు చూశాను. కందులు బాగుచేశాను. అత్తకు నూనె.

ఏకాదశి సాయంత్రమే నేనే వెళ్ళి ఎర్రయ్య గారికి చెప్పేశాను. ఇంకొకరి నోట వినడం కంటే మేలు. ఆయన నన్ను తిట్టలేదు. వాడను పిలిచి చెప్పారు.

"అసిరమ్మ తినని మనిసికి పేరు సెప్పీసినాది. అన్నం బాకీ తీరీదాకా ఆ పేరుకి ఇలవ నేదు. కేకేసినా ఎవులూ తాడు ఇసరొద్దు. ఏ పడవొచ్చినా పొద్దెక్కి మొకం కనబడినాకే."

నిన్న తెల్లవారుజామున మంచు పట్టింది. చిట్టెమ్మ మొగుడు వలకు పోయి తిరిగొచ్చి పేరు కేకేశాడు. ఎవరూ కదల్లేదు. పొద్దెక్కేదాకా అలల మీద తడుస్తూ ఉన్నాడు. ఇవాళ ఒళ్ళు కాలిపోతోంది. నేను మిరియాల కషాయం పట్టుకెళితే చిట్టెమ్మ గడప దాటనివ్వలేదు. మా ఇంటి నుంచి తెచ్చుకున్న జల్లెడ చేతిలో పెట్టింది.

"నీ కూతురు కూతురు, నా మొగుడు మొగుడు కాదేటి వదినా?"

జల్లెడ తెచ్చుకున్నాను.

మధ్యాహ్నం దక్షిణం వర్తకుడు మళ్ళీ వచ్చాడు. టెంకాయల బేరం. మాట మధ్యలో అతని గొంతుతో నా చెవిలో లోపలి పేరు వినబడింది. చేతిలో చెంబు జారిపోయింది, నీళ్ళు సగం పోయాయి. ఏమన్నావని అడిగాను. "సల్మోర ఉప్పుకు ఈ ఏడు ధర బాగుందన్నాను," అన్నాడు, ఆ సల్మోర కూడా నాకు లోపలి పేరుగానే వినిపించింది. అతనికి ఏమీ తెలియదు. అతను ఎప్పుడూ అనే మాటే అన్నాడు. ఇన్నాళ్ళూ మా పేరు తెలియక గింజ అతని సల్మోరనే వినిపించేది. ఇప్పుడు తెలుసు, కనుక నాకు నా పేరు ఇస్తోంది.

పట్టీలో పడ్డ పేరే గింజలకు చేరుతుంది, అంటే ఇర్వా రాసింది. గడి నిండింది. ఆ క్షణాన ఆ ఒక్క మాటే తోచి గట్టిగా ఏడ్చాను. వర్తకుడు కంగారుపడి రెండు టెంకాయలు ఊరికే ఇచ్చాడు.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే వేరే భయం పట్టుకుంది. ఇక బేరమాడే ప్రతివాడి గొంతులోనూ ఇదే వినాలి. బాలింతరాలు బిడ్డ చెవిలో చెప్పే పేరు, మంచులో మొగుడు కేకేసే పేరు, టెంకాయల ధరతో కలిపి వినాలి. గింజలు తీసేద్దామంటే వ్యాపారం లేదు. ఇది నేను చేసిన పని.

గడి నిండితే సరిపోతుందా, పైడిని వదిలారా, రేవు నుంచి కబురు లేదు. ఎర్రయ్య గారు రేడియో మీద రెండుసార్లు పిలిచి చూశారు. నా మీద కోపం ఉన్నా పిలిచారు. విచారణ నడుస్తోంది, ఏమీ చెప్పకూడదన్నారట.

వైశాఖ పౌర్ణమి

నీళ్ళు పదకొండు. నాచు, చేపలు, మోకులు, అన్నీ చూశాను. కబురు లేదు.

లక్ష్ముడి అమ్మ వచ్చి కూర్చుంది. వాడలో ఈ నాలుగు రోజుల్లో మా గడప తొక్కింది ఆమె ఒక్కతే. నాతో పాటు కందులు ఏరింది. వెళ్ళేటప్పుడు అంది, "రేపట్నించి నీళ్ళు ఇడిగా పట్టి పెట్టీకు అసిరీ. అలవాటైపోతాది. అలవాటు సేసుకోకు."

వైశాఖ బహుళ తదియ

తెల్లారకముందే మంచు. నేను ఆవిరి పెట్టెల నుంచి రాత్రి చెమ్మ తుడుస్తున్నాను. ఉత్తరం నుంచి కేక.

లోపలి పేరు. ఆడగొంతు. పైడి.

చేతిలో గుడ్డ పారేసి పరుగెత్తాను. మా ఆయన నాకంటే ముందే రేవుమెట్టు మీదున్నాడు. తాడు చుట్ట ఆయన కాళ్ళ దగ్గరే ఉంది. ఎర్రయ్య గారు దాని మీద కాలు పెట్టి నిలబడ్డారు. వాడ సగం అక్కడే ఉంది.

"నా కూతురి గొంతు నాకు తెల్దా పెద్దా?" అన్నాడు మా ఆయన.

"నాకూ తెలుసు. గొంతులు సేసే యంత్రాలున్నాయని కూడా తెలుసు. పొద్దెక్కనీ."

మళ్ళీ కేక వచ్చింది. అది కేక కాదు, ప్రశ్నలా ఉంది. తాడు ఎందుకు పడలేదో పైడికి తెలియదు. కన్నతల్లి చేసిన బాకీ వల్ల తన ఊరి పేరు తనకే పనిచేయడం లేదని ఆ పిల్లకు ఎవరు చెబుతారు? కింద నీళ్ళు గట్టిగా కొడుతున్నాయి. పడవ ఎక్కడో రాతికొనకు గీసుకున్న చప్పుడు వినిపించింది.

నేను మంచులోకి అరిచాను. "పైడీ! నేనేనమ్మా. ఆ ఆఫీసరమ్మ మనింట్లో తినలేదు. తినకుండా పేరు చెప్పేశాను. బాకీ తీరేదాకా తాడు విసరరు. పొద్దెక్కేదాకా ఓర్చుకో."

తర్వాత పైడి గొంతు, తెరలు తెరలుగా.

"తినింది!"

"ఏటీ?" అన్నారు ఎర్రయ్య గారు.

"తినిందమ్మా! నాకు కాగితం ముద్దరేసి ఇచ్చినాక, ఇచారణ అయిపోనాది ఇప్పుడు తింటానని షెడ్డులోకొచ్చి కింద కూకున్నాది. నాకిచ్చిన బార్లీ గంజి రెండు గిన్నెల్లో వడ్డించినాను. నా సేత్తో వడ్డించినాను. తినింది!"

రేవుమెట్టు మీద అందరూ మంచు వైపు ఒక అడుగు వేశారు.

"ఇంకా ఏటన్నాదంటే... మీ అమ్మకి సెప్పు, నాకు కోపం నేదని కాదు, ఉంది. ఉన్నా తింటన్నానని సెప్పు అన్నాది. అని ఆళ్ళ దేశం పేరు నాకు సెప్పినాది. ఆళ్ళు అనుకునే పేరు. గింజ తీసి సెప్పినాది."

మా ఆయన ఎర్రయ్య గారి వైపు చూశాడు. ఆయన కాలు కదపలేదు.

"ఇంట తినాల. రేవు షెడ్డు ఇల్లెలగవుతాది? పోనీ మన బియ్యవేనా అంటే బార్లీ గంజి."

అప్పటికి అత్త చేతికర్ర మీద అక్కడికి వచ్చి ఉంది. ఎలా వచ్చిందో తెలియదు, వారం రోజులుగా మంచం దిగలేదు.

"నా మనవరాలు వడ్డించిన సోటు నా ఇల్లు కాపోతే మరేటిరా? మీయమ్మ నిన్ను వలపడవలో కన్నాది. బొడ్డు కోసింది నాను. నువ్వే ఇంట పుట్టినావు? సెప్పు. ఆ పడవలో మీయమ్మకి గంజి పోసిన మనిసికి పేరు సెప్పనేదా మీ నాన్న?"

ఎర్రయ్య గారు ఏమనేవారో తెలియదు. ఆలోచిస్తున్నట్టే ఉన్నారు. ఆయన కాలు ఇంకా చుట్ట మీద ఉండగానే వెనక నుంచి ఎవరో ముందుకు తోసుకొచ్చి తాడు కొస పట్టుకుని ఒక్క లాగు లాగారు. ఆయన తూలి పక్కకు అడుగేశారు. చిట్టెమ్మ. మొగుడి కోసం వేడినీళ్ళు కాస్తూ వచ్చినట్టుంది, చేతులకు మసి ఉంది.

"మా ఇంట్లో జరవోడున్నాడు, సాలు. ఇంకోరికి రాకూడదు," అని తాడు విసిరింది. మా వాడలో ఆమెలా తాడు విసిరేవాళ్ళు లేరు. మంచులో ఎక్కడో అటువైపు ఆ తాడు బిగుసుకుంది.

రేవువాళ్ళు ఇచ్చిన చిన్న పడవలోంచి పైడి దిగింది, చెయ్యికి కట్టు ఉంది. చిక్కింది. నన్ను పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఎర్రయ్య గారు కాగితం అడిగి చూశారు. కందేరి, సల్మోర, దిగుసీమ మూడూ కొట్టేసి ఒకే వరుస ఉంది. అందులో లోపలి పేరు, వాళ్ళ లిపిలో. ఆయన దాన్ని చదవలేకపోయారు, అయినా వేలితో తడిమి చూశారు. కేక మార్చాలా వద్దా అన్నది అమావాస్యకు వాడ కూడి తేల్చుకోవాలన్నారు. ఇకపై మేం గింజ పెట్టుకుంటే ఎవరి గొంతులోనైనా ఆ పేరు వినబడుతుంది కాబట్టి మార్చక తప్పదని నాకు అనిపిస్తోంది. నా ముందు ఎవరూ ఆ మాట అనలేదు.

పైడి వాళ్ళ దేశం పేరు మాకు చెప్పింది. అత్తకు నోరు తిరగలేదు, నాకు మూడోసారికి పట్టింది. ఇకమీదట ఈ పుస్తకంలో మూగసీమ అని రాయను. వాళ్ళకు అలాంటి కట్టు లేకపోయినా, ఆమె ఇంట నేను తినలేదు కాబట్టి ఆ పేరూ రాయను. ఉత్తరపు సీమ అని రాస్తాను.

ఈ రోజు పనులు: నీళ్ళు తొమ్మిది చెంబులు. అందులో రెండు చిట్టెమ్మ ఇంటికి, కషాయానికి. ఈసారి గడప దాటనిచ్చింది, కూర్చోమనలేదు. మోకులు చూడలేదు. అత్త మోకాళ్ళకు నూనె రెండుసార్లు. పెద్దబియ్యం అన్నం, చేప పులుసు. తిన్నవాళ్ళు మేం నలుగురం, లక్ష్ముడి అమ్మ.

ఇర్వా గారు మా ఇంటికి పడ్డ అన్నం బాకీ ఒక పూట: పైడి చేతి మీదుగా, ఒక గిన్నె గంజి. చెల్లు.